నాడీకణం తన పని మర్చిపోకుండా

సీ. ఎలిగన్స్ అనే పురుగు పొడవు ఒక మిల్లీమీటరు. మందం మన తల వెంట్రుకంత. కుళ్ళిన పండ్ల మీదా ఆకుల కుప్పల్లోనూ బ్యాక్టీరియాను తింటూ బతుకుతుంది. ల్యాబ్‌లో అయితే అగార్ పోసిన ప్లేటు మీద కాస్త ఈ. కోలై పెడితే చాలు, గుడ్డులోంచి వచ్చిన పిల్ల మూడు రోజుల్లో తనే గుడ్లు పెట్టే స్థితికి వచ్చేస్తుంది. ఒళ్ళంతా గాజులా పారదర్శకం. మైక్రోస్కోపు కింద పెడితే బతికుండగానే లోపలి కణాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. లెక్కపెట్టారు కూడా. ఆడా మగా రెండూ తానే అయిన పెద్ద పురుగులో శరీర కణాలు 959. అందులో నాడీకణాలు 302. ఈ పురుగు కాదని ఇంకో పురుగును తీసుకున్నా అదే 302.

నులిపురుగు అనగానే మనలో చాలామందికి స్కూల్లోనో ఇంటర్‌లోనో టీచర్ ముందు నిలబడి నమిలి మింగిన ఆల్బెండజోల్ మాత్ర గుర్తొస్తుంది. ఆ పురుగులు వేరు, అవి పేగుల్లో బతికే పరాన్నజీవులు. సీ. ఎలిగన్స్ వాటికి దూరపు చుట్టమే గానీ ఎవరి కడుపులోనూ చేరదు. అయితే ఆ మాత్రకీ ఈ కథకీ చిన్న లింకు ఉంది, తర్వాత వస్తుంది.

ఈ 302 నాడీకణాలూ ఒకేలా ఉండవు. ఒకటి ఉప్పు రుచి చూస్తుంది, ఒకటి ఉష్ణోగ్రత పసిగడుతుంది, ఒకటి కండరాన్ని బిగిస్తుంది. 1986లో జాన్ వైట్, ఐలీన్ సౌత్‌గేట్, నికోల్ థామ్సన్, సిడ్నీ బ్రెన్నర్ కలిసి 340 పేజీల పేపర్ ఒకటి అచ్చువేశారు. పురుగును పల్చటి పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫొటోలు తీసి, ఏ తీగ ఎక్కడికి వెళ్తోందో చేత్తో గీసుకుంటూ పోయారు. మొత్తం వైరింగ్ డయాగ్రమ్ అన్నమాట. ఆకారాన్నీ కనెక్షన్లనీ బట్టి వాళ్ళు తేల్చిన రకాలు 118.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ కణాలన్నిటిలో ఉన్న డీఎన్ఏ ఒకటే. 10 కోట్ల అక్షరాలు, దాదాపు 20 వేల జన్యువులు. ఉప్పు రుచి చూసే కణంలో స్పర్శకు కావలసిన జన్యువులూ ఉన్నాయి, కాకపోతే వాడదు. ఏది వాడాలో ఏది పక్కన పెట్టాలో దానికి చెప్పేదెవరు? ఇది మొదటి ప్రశ్న. రెండోది ఇంకొకటి ఉంది. ఒకసారి స్పర్శ కణంగా మారిన కణం చచ్చేదాకా స్పర్శ కణంగానే ఉండటం ఎలా కుదురుతుంది? మొదటిది క్లాసులో అందరూ అడుగుతారు. రెండోది మాత్రం "ఒకసారి అయ్యాక అయినట్టే కదా" అని వదిలేస్తారు. నాకైతే కథంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది.

పుట్టుకతో తేలేది కాదు

ముందు పుట్టుక సంగతి చూద్దాం. జాన్ సల్స్‌టన్ అనే ఆయన మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఒకే ఒక్క గుడ్డు కణం రెండై, నాలుగై, చివరికి పురుగంతా తయారయ్యేదాకా ప్రతి విభజననీ కళ్ళతో చూసి రాసుకున్నాడు. పిండంలో జరిగే భాగం పూర్తి పటం 1983లో వచ్చింది. అంటే ప్రతి కణానికీ తల్లి ఎవరు, అమ్మమ్మ ఎవరు, తోబుట్టువు ఎవరు అన్న వంశవృక్షం మన చేతిలో ఉంది. బ్రెన్నర్, రాబర్ట్ హార్విట్జ్‌లతో కలిసి ఆయనకు 2002లో నోబెల్ ఇచ్చారు.

ఈ వంశవృక్షం చూడగానే, కణం రకం ఏ కొమ్మకు పుట్టిందన్న దాన్ని బట్టే ఉంటుందని అనుకోవడం సహజం. కాదు. పురుగు ఒంటిమీద మెత్తని స్పర్శను పసిగట్టే నాడీకణాలు ఆరు ఉన్నాయి. ఒంటి ముందు భాగంలో ఎడమా కుడీ ఒక జత, వాటి పేరు ఏఎల్ఎం. తోక దగ్గర ఒక జత, పీఎల్ఎం. ఇవి నాలుగూ గుడ్డులో ఉండగానే పుడతాయి. మిగతా రెండూ, అంటే ఏవీఎం, పీవీఎం, పిల్ల బయటికి వచ్చాక క్యూ అనే వేరే కణాల సంతతిగా పుడతాయి. వేర్వేరు కొమ్మలు, వేర్వేరు రోజులు, అయినా ఆరింటి పనీ ఒకటే. దీనికి రివర్స్ కూడా ఉంది. ఏఎల్ఎం తోడబుట్టిన కణం పేరు బీడీయూ. ఒకే తల్లి, ఒకే విభజనలో పుట్టిన ఇద్దరు. కానీ బీడీయూకి ఈ స్పర్శ పనితో సంబంధం లేదు.

అంటే చుట్టరికం కాదు, ఆ ఆరింటికీ ఉమ్మడిగా ఉన్నది ఇంకేదో ఉండాలి.

కనుబొమ్మ వెంట్రుక

మార్టిన్ చాల్ఫీ వాడిన పరికరం చూస్తే నవ్వొస్తుంది. పుల్ల చివర అతికించిన కనుబొమ్మ వెంట్రుక ఒకటి. దాంతో పురుగు తల వైపు మెల్లగా రాస్తే వెనక్కి పోతుంది. తోక వైపు రాస్తే ముందుకు పోతుంది. స్పర్శ తెలియని పురుగు ఎక్కడిదక్కడే ఉంటుంది. సరే, పురుగులకు రసాయనాలతో మ్యుటేషన్లు తెప్పించి, వేల పురుగులను ఒక్కొక్కటిగా వెంట్రుకతో తాకి, కదలని వాటిని ఏరి, ఏ జన్యువు చెడిందో వెతకడం. సంవత్సరాల తరబడి పని. డజనుకు పైగా జన్యువులు దొరికాయి. వాటిలో చాలావాటికి మెక్ అని పేరుపెట్టి నంబర్లిచ్చారు, మెకానోసెన్సరీ అన్న మాటలోంచి. వీటిలో జన్యువుకీ అది తయారుచేసే ప్రోటీన్‌కీ పేరు ఒకటే, మనం కూడా అలాగే పిలుచుకుందాం.

దొరికిన జన్యువులు రెండు తరహాలుగా కనబడ్డాయి, మన కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది.

మొదటి తరహాలో చెడింది ఒక్క పార్టు. ఉదాహరణకు మెక్-4. ఇది కణం పొరలో ఉండే అయాన్ ఛానెల్‌లో భాగం. తాకగానే తెరుచుకుని సోడియాన్ని లోపలికి వదిలే తలుపు. ఇది చెడితే కణం ఉంటుంది, దాని పొడవాటి తీగ ఉంటుంది, తలుపు మాత్రం పనిచేయదు. మెక్-7 ఇంకొకటి. ఇది బీటా ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్. కణం లోపల మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాలు దీంతోనే తయారవుతాయి. ఈ పురుగులో మామూలు కణాల గొట్టాలకు 11 పోగులుంటే, ఈ స్పర్శ కణాల గొట్టాలకు మాత్రం 15 ఉంటాయి. ఇవి వాటికే ప్రత్యేకం. (ఆల్బెండజోల్ లింకు ఇదే. ఆ మందుల కుటుంబం పురుగుల బీటా ట్యూబ్యులిన్‌నే పట్టుకుని గొట్టాలు కట్టుకోకుండా ఆపుతుంది. సీ. ఎలిగన్స్‌లో ఆ మందులు పట్టుకునేది బెన్-1 అనే ఇంకో ట్యూబ్యులిన్ అని 1989లో చూపించింది కూడా చాల్ఫీ ల్యాబే.)

రెండో తరహా వేరు. మెక్-3 చెడిన పురుగులో ఏఎల్ఎం కణం పుడుతుంది, నాడీకణంగానే ఉంటుంది. కానీ 15 పోగుల గొట్టాలు లేవు. తలుపు లేదు. స్పర్శ కణానికి ప్రత్యేకం అనుకున్నవి ఒక్కటీ లేవు. ఒక పార్టు పోలేదు, అన్ని పార్టులూ ఒకేసారి పోయాయి. అంక్-86 ఇంకో అడుగు ముందు ఉంటుంది. అది చెడితే మెక్-3 అసలు మొదలే కాదు. అంతేకాదు, క్యూ సంతతిలో అయితే కూతురు కణం తల్లిలాగే ప్రవర్తిస్తూ మళ్ళీ మళ్ళీ విభజన చెందుతుంది, స్పర్శ కణం పుట్టే దాకా రానే రాదు. అంక్ అన్నది అన్‌కోఆర్డినేటెడ్‌కి పొట్టిపేరు, ఒడుపు లేకుండా పాకే పురుగులకు పెట్టినది.

1988లో జెఫ్రీ వే, చాల్ఫీ కలిసి మెక్-3 జన్యువు అక్షరాలు చదివారు. అందులో హోమియోబాక్స్ కనిపించింది. అంతకు నాలుగేళ్ళ ముందు ఈగల్లో, కాలు ఎక్కడ రావాలి, రెక్క ఎక్కడ రావాలి అని నిర్ణయించే జన్యువుల్లో దొరికిన అక్షరాల వరస అది. దాంట్లోంచి వచ్చే ప్రోటీన్ ముక్క పొడవు దాదాపు 60 అమైనో ఆమ్లాలు, దాని పని డీఎన్ఏని పట్టుకోవడం. అంక్-86లోనూ అదే ఉంది. అంటే మెక్-3, అంక్-86 రెండూ పార్టులు కావు. మిగతా జన్యువులను ఆన్ చేసే ప్రోటీన్లు. వీటినే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు.

గేటు, లాచ్

జన్యువు ఆన్ కావడమంటే దాని అక్షరాలను ఆర్ఎన్ఏగా కాపీ తీసే ఎంజైమ్ అక్కడికి వచ్చి పని మొదలుపెట్టడం. ఆ ఎంజైమ్‌కి ఎక్కడ కూర్చోవాలో తనంతట తనకు సరిగ్గా తెలీదు. జన్యువు ముందు భాగంలో కొన్ని చిన్న చిన్న అక్షరాల గుర్తులుంటాయి, ఒక్కొక్కటి ఆరు నుంచి పన్నెండు అక్షరాల పొడవు. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ తన గుర్తును వెతుక్కుని దానిమీద కూర్చుంటుంది, ఎంజైమ్‌ని పిలుస్తుంది లేదా రాకుండా అడ్డుపడుతుంది. అంతే సూత్రం.

స్పర్శ కణంలో జరిగేది మా ఈసీఈ వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. అంక్-86, మెక్-3 రెండూ జతకట్టి ఒకే గుర్తు మీద కూర్చుంటాయి. జతగా అయితే గట్టిగా పట్టుకుంటాయి, విడివిడిగా అయితే పట్టు జారిపోతుంది. రెండూ ఉంటేనే అవుట్‌పుట్. యాండ్ గేట్. మెక్-4 ముందు ఆ గుర్తు ఉంది, మెక్-7 ముందు ఉంది, మిగతా స్పర్శ జన్యువుల ముందు కూడా ఉంది. పైనుంచి కిందికి పది మంది మేనేజర్లు ఉండి ఒకరి తర్వాత ఒకరు ఆర్డర్లు పాస్ చేసే ఏర్పాటు ఇక్కడ కనబడదు. ఒక జత ప్రోటీన్లు, నేరుగా ప్రతి పార్టు జన్యువు దగ్గరికీ వెళ్ళి స్విచ్ వేస్తున్నాయి.

ఇంకో చోట కూడా ఆ గుర్తే ఉంది. మెక్-3 జన్యువు ముందు. అంటే మెక్-3 ప్రోటీన్ తన జన్యువును తానే ఆన్ చేసుకుంటుంది. మొదట అంక్-86 వచ్చి మెక్-3ని మొదలుపెడుతుంది. మెక్-3 కాస్త తయారయ్యాక అంక్-86తో జతకట్టి మళ్ళీ మెక్-3 జన్యువు మీదే కూర్చుంటుంది. 1989లో వే, చాల్ఫీ చూపించింది ఇదే. మెక్-3 చెడిన పురుగులో కూడా ఆ జన్యువు మొదట ఆన్ అవుతుంది, కానీ నిలబడదు, ఆరిపోతుంది. డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో లాచ్ గుర్తు తెచ్చుకోండి. అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌కి తిప్పి కలిపితే, మొదటి పల్స్ పోయినా ఆ ఒకటి అలాగే నిలిచి ఉంటుంది. ఒక బిట్ మెమరీ. ఆ కణానికి "నేను స్పర్శ కణాన్ని" అన్న సంగతి గుర్తుండేది ఆ లూపులోనే.

ఇక్కడ ఒక పిట్టకథ. ఏ కణంలో ఏ జన్యువు ఆన్ అయిందో బతికున్న పురుగులో చూడటం అప్పట్లో సాధ్యం కాదు. చంపి, రంగులేసి చూడాల్సిందే. పురుగేమో గాజులా ఉంది, లోపలేదైనా వెలిగితే బయటికి కనబడుతుంది కదా. ఒక జెల్లీచేపలో పచ్చగా మెరిసే ప్రోటీన్ ఉందని చాల్ఫీ ఒక సెమినార్‌లో విన్నాడు. దాని జన్యువును తెచ్చి, మెక్-7 జన్యువు ముందుండే స్విచ్ భాగానికి తగిలించి పురుగులో పెట్టాడు. స్పర్శ కణాలు పచ్చగా వెలిగాయి. 1994లో వచ్చిన ఆ పేపర్‌తో జీఎఫ్‌పీ ప్రపంచమంతా పాకింది, 2008లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వాటా వచ్చింది. పచ్చగా మెరిసే ఎలుకలు, చేపలు మీరు ఎక్కడైనా చూసి ఉంటే, దాని వెనక ఈ ఆరు కణాలున్నాయి.

గేటు పోలిక బావుంది గానీ దాన్ని మరీ సాగదీయకూడదు. అంక్-86, మెక్-3 రెండూ ఉన్న కణాలు ఆ ఆరే కాదు. ఎఫ్ఎల్‌పీ, పీవీడీ అనే కణాల్లో కూడా రెండూ ఉన్నాయి. యాండ్ గేట్ లెక్క ప్రకారం అవి కూడా మెత్తని స్పర్శ కణాలు కావాలి. కావు, అవి గట్టిగా గుచ్చినప్పుడు స్పందించే రకం. ఎఫ్ఎల్‌పీలో ఈజీఎల్-44, ఈజీఎల్-46 అనే ఇంకో జత ప్రోటీన్లు ఉండి స్పర్శ జన్యువులను తొక్కిపెడతాయి. వాటిని చెడగొడితే ఎఫ్ఎల్‌పీలో కూడా స్పర్శ జన్యువులు వెలుగుతాయి. పీవీడీలో మెక్-3 మోతాదే తక్కువ. తక్కువ మెక్-3 ఉంటే కొమ్మలు కొమ్మలుగా విస్తరించే కణం, ఎక్కువ ఉంటే ఒకే పొడుగు తీగ ఉన్న స్పర్శ కణం. సున్నా, ఒకటి మధ్యలో కూడా అర్థం ఉన్న సర్క్యూట్ ఇది. డిజిటల్ అనుకుని మొదలుపెడితే అనలాగ్ తేలింది.

తోడబుట్టిన బీడీయూ సంగతి కూడా ఇప్పుడు తేలుతుంది. దాంట్లోనూ అంక్-86 ఉంది. కానీ అక్కడ దాని జత మెక్-3 కాదు, పాగ్-3 అనే ఇంకో ప్రోటీన్. ఏఎల్ఎంలో మెక్-3 ముందే అంక్-86ని తనవైపు లాక్కుంటుంది. మెక్-3 లేకపోతే ఏఎల్ఎం ఖాళీగా ఉండిపోదు, బీడీయూ లక్షణాలు తెచ్చుకుంటుంది. అంక్-86 మొత్తం 57 నాడీకణాల్లో కనబడుతుంది, ఎక్కడికక్కడ జత మారుతుంది. మన క్లబ్ వాళ్ళకు చెప్పాలంటే హల్లు ఒకటే, కింద ఒత్తు మారితే పలుకు మారినట్టు. "అక్క"లో కకి క ఒత్తు, "రక్తం"లో అదే కకి త ఒత్తు.

ఒక్క స్పర్శతో ఆగలేదు

ఇదంతా ఆరు కణాల ప్రత్యేక కథేమో అని అనుమానం రావచ్చు. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలోనే, ఆలివర్ హోబర్ట్ ల్యాబ్ ఇతర రకాలను పట్టుకుంది. ఉష్ణోగ్రత సమాచారం అందుకునే ఏఐవై అనే కణంలో టీటీఎక్స్-3, సెహ్-10 అనే రెండు హోమియోబాక్స్ ప్రోటీన్లు జతగా అదే పని చేస్తున్నాయి. ఉప్పు రుచి చూసే ఏఎస్ఈ జతలో చే-1 అనే ప్రోటీన్. డోపమైన్ తయారుచేసే ఎనిమిది కణాల్లో ఏఎస్‌టీ-1, దానికి తోడు ఇంకొన్ని. ప్రతిచోటా లెక్క ఒకటే. ఒకటో రెండో మూడో ప్రోటీన్లు, ఆ కణానికి ప్రత్యేకమైన జన్యువులన్నిటి ముందూ ఒకే గుర్తు, నేరుగా ఆన్ చేయడం. ఇలాంటి ప్రోటీన్లకు హోబర్ట్ 2008లో టెర్మినల్ సెలెక్టర్ అని పేరు పెట్టాడు. చివరి దశలో రకాన్ని ఎంచేది అని అర్థం. 2020లో అదే ల్యాబ్ ఇంకో విషయం చూపించింది. హోమియోబాక్స్ జన్యువులు ఒక్కటే తీసుకుని, ఏ కణంలో ఏవి ఆన్ అయ్యాయో పట్టిక వేస్తే, 118 రకాలకీ 118 వేర్వేరు కాంబినేషన్లు వచ్చాయి. ఒకదానిది ఇంకొకదానికి రాలేదు.

ఒక్కటి గమనించాలి. చే-1 తీసేస్తే ఏఎస్ఈ తన ఉప్పు రుచి పని పోగొట్టుకుంటుంది గానీ నాడీకణం కాకుండా పోదు. సిగ్నల్ పంపడానికి అన్ని నాడీకణాలూ వాడే ఉమ్మడి సామాను దాంట్లో అలాగే ఉంటుంది. రకాన్నిచ్చే కంట్రోలు వేరు, నాడీకణంగా ఉండే కంట్రోలు వేరు.

మరి చే-1ని తీసుకెళ్ళి ఏ కణంలో పెడితే అది ఉప్పు కణం అయిపోతుందా? పెట్టి చూశారు. పురుగులోని అన్ని కణాల్లోనూ చే-1 తయారయ్యేలా చేస్తే, పెద్ద పురుగులో దాదాపు ఏ కణమూ మాట వినలేదు. గుర్తులున్నాయి, ప్రోటీన్ ఉంది, అయినా పని జరగలేదు. ఎందుకంటే డీఎన్ఏ కణంలో విప్పిన తాడులా పడి ఉండదు, హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టి ఉంటుంది. చుట్ట బిగుసుకుని ఉన్నచోట గుర్తు ఉన్నా దాన్ని అందుకోవడం కష్టం. 2011లో బారిస్ టుర్సన్, హోబర్ట్ బృందం లిన్-53 అనే ఒక్క ప్రోటీన్‌ని తగ్గించి మళ్ళీ చే-1 ఇచ్చింది. లిన్-53 ఈ హిస్టోన్ల పనిలో భాగం పంచుకునేది. ఈసారి పురుగు బీజకణాలు, అంటే వీర్యకణాలో అండాలో కావలసినవి, ఏఎస్ఈ లాంటి నాడీకణాలుగా మారాయి. ఉప్పు కణానికే ప్రత్యేకమైన జన్యువులు ఆన్ అయ్యాయి, తీగలు కూడా సాచాయి. చే-1 బదులు వేరే ప్రోటీన్ ఇస్తే వేరే రకం నాడీకణం వైపు వెళ్ళాయి.

ఆ ప్రయోగం గురించి చదివినప్పుడు నాకు భయం లాంటిదే కలిగింది. రేపటి సంతానం కావలసిన కణం ఒక ప్రోటీన్ తగ్గించి ఇంకోటి పెంచితే ఉప్పు రుచి చూసే తీగ అయిపోయింది. ఇంకో కణం మాత్రం తన లూపు ఆగనంతకాలం మారదు. కణాల గుర్తింపు ఎంత గట్టిది అన్న ప్రశ్నకు రెండు జవాబులూ నిజమే.

లూపు తెగితే

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న. చే-1 కూడా తన జన్యువు ముందున్న గుర్తు మీద తానే కూర్చుంటుంది. హోబర్ట్ ల్యాబ్‌లో క్రిస్పర్‌తో ఆ ఒక్క గుర్తునే తీసేశారు. చే-1 ప్రోటీన్‌కి ఏ లోపమూ లేదు, దాన్ని మొదట ఆన్ చేసే ఏర్పాటూ బాగానే ఉంది, తిరిగి కలిపే వైరు మాత్రం కట్ చేశారు. పిండంలో చే-1 మామూలుగానే మొదలైంది, తర్వాత క్రమంగా తగ్గిపోయింది. దాంతోపాటు ఉప్పు కణం లక్షణాలు కూడా పోయాయి. పుట్టినప్పుడు సరిగ్గానే పుట్టిన కణం, గుర్తుచేసేవాళ్ళు లేక తన పని మర్చిపోయింది. "ఒకసారి అయ్యాక అయినట్టే" అన్నది తప్పు. కణం తన రకంగా ఉండటానికి ప్రతిరోజూ పని జరుగుతూనే ఉండాలి.

ఆ పురుగు బతికేది రెండు మూడు వారాలు. మన నాడీకణాలు చాలావరకు మనతోపాటే డెబ్భై, ఎనభై ఏళ్ళు ఉండాలి, వాటికి బదులు కొత్తవి రావు.

అంక్-86కి మనలో దగ్గరి చుట్టాలున్నాయి. నిజానికి ఆ ప్రోటీన్ కుటుంబం పేరే పీఓయూ. పిట్-1, ఆక్ట్-1 అనే క్షీరదాల ప్రోటీన్ల మొదటి అక్షరాలు రెండు, అంక్-86లోని యూ ఒకటి కలిపి పెట్టిన పేరు. వాటిలో ఒకటి పీఓయూ4ఎఫ్3. మన లోపలి చెవిలో శబ్దానికి కదిలే రోమకణాలకు ఇది కావాలి. పురుగుకి ఒంటిమీద తాకిడి, మనకి చెవిలో శబ్దం తాకిడి. ఎలుకల్లో ఈ జన్యువు రెండు కాపీలూ తీసేస్తే రోమకణాలు మొదలవుతాయి గానీ పూర్తిగా ఎదగకుండానే చచ్చిపోతాయి, ఎలుక పూర్తి చెవిటిది అవుతుంది. 1998లో ఇజ్రాయెల్‌లో ఒక పెద్ద కుటుంబం గురించి పేపర్ వచ్చింది. తరం తర్వాత తరం వినికిడి పోతోంది. వాళ్ళ పీఓయూ4ఎఫ్3 జన్యువు రెండు కాపీల్లో ఒకదాంట్లో ఎనిమిది అక్షరాలు లేవు. ఆ పిల్లలు చెవిటివాళ్ళుగా పుట్టలేదు. మాటలు నేర్చుకున్నారు, చదువుకున్నారు, పాటలు విన్నారు. వినికిడి తగ్గడం మొదలైంది 18 నుంచి 30 ఏళ్ళ మధ్య. అంటే మన వయసులో. కణాలు తయారవడానికి ఒక కాపీ సరిపోయింది, వాటిని అలాగే నిలబెట్టడానికి సరిపోలేదు అని ఆ వయసే చెబుతోంది.

పార్కిన్సన్స్ లాంటి జబ్బుల్లో పోయిన డోపమైన్ కణాల బదులు స్టెమ్ సెల్స్ నుంచి కొత్తవి తయారుచేసి పెట్టే ప్రయత్నాలు చాలాచోట్ల జరుగుతున్నాయి. అక్కడ కూడా డిష్‌లో సరైన కణం తయారైందా అన్నది సగం ప్రశ్నే. పదేళ్ళ తర్వాత మెదడులో అది ఇంకా అదే కణమా అన్నది మిగతా సగం.

చివరగా మన సీఎస్ఈ వాళ్ళకు ఒక మాట. ఈ పురుగు నాడీకణాల రకాల్లో ఏ జన్యువు ఎంత ఆన్ అయిందో కొలిచిన డేటా సెన్‌జెన్ అనే ప్రాజెక్టు వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉంది, పేపర్ 2021లో వచ్చింది. వైరింగ్ డేటా కూడా ఫ్రీయే. ఇంకో డాగ్స్ వర్సెస్ క్యాట్స్ క్లాసిఫైయర్ కన్నా మంచి మినీ ప్రాజెక్టు ఇందులో ఉంది. మన దేశంలో ముంబైలోని టీఐఎఫ్ఆర్, మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ ల్యాబుల్లో ఈ స్పర్శ కణాల మీదే పని జరుగుతోంది, ఇంటర్న్‌షిప్ ఆలోచన ఉన్నవాళ్ళు చూడొచ్చు. సైట్ తెరిచి ముందు మెక్-3 అని కొట్టండి. స్పర్శ కణాలతోపాటు ఎఫ్ఎల్‌పీ, పీవీడీ కూడా ఎక్కడున్నాయో చూడండి. తర్వాత అంక్-86 కొట్టి, ఆ రెండు జాబితాలూ ఎక్కడ కలుస్తున్నాయో పక్కపక్కన పెట్టి పోల్చండి.